ఐపాడ్ నానో మళ్లీ వస్తోందా? చిన్న మ్యూజిక్ ప్లేయర్ డిజైన్‌పై ఊహాగానాలు.. ఎంతవరకు నమ్మొచ్చు?

అగ్గిపెట్టె కంటే చిన్న ప్లేయర్.. చతురస్రపు స్క్రీన్.. చొక్కాకు తగిలించుకునే క్లిప్.. ఐదారు రంగులు. చివర్లో యాపిల్ లోగో, ‘ఐపాడ్ నానో వచ్చేస్తోంది’ అనే క్యాప్షన్. ఇలాంటి వీడియో మీ ఫోన్‌లో కూడా ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. చూడగానే ఎవరికైనా వచ్చే డౌట్ ఒకటే.. ధరెంత? ఎక్కడ బుక్ చేసుకోవాలి?

ముందు అసలు విషయం చెప్పుకుందాం. ఐపాడ్ నానో, ఐపాడ్ షఫుల్ అమ్మకాలను యాపిల్ 2017 జులై 27న ఆపేసింది. చివరగా మిగిలిన ఐపాడ్ టచ్‌కు కూడా 2022 మేలో గుడ్‌బై చెప్పింది. కొత్త ఐపాడ్ తెస్తున్నట్టు కంపెనీ ప్రకటించలేదు. ఈ వీడియోల్లో చాలావరకు డిజైనర్లు సరదాకి చేసిన ఊహా చిత్రాలే.

అయితే రాబోయే చిన్న ప్లేయర్ ఎలా ఉంటుందో ముందే ఊహించే ఈ ఆట ఇప్పటిది కాదు. 2005 నుంచి 2012 వరకు ఏటా జరిగిందే. అప్పట్లో కొన్ని లీకులు అచ్చుగుద్దినట్టు నిజమయ్యాయి. కొన్ని సగమే నిజమయ్యాయి. జనం ఫేక్ అని కొట్టిపారేసిన ఒక ఫోటో అయితే నిజమై కూర్చుంది! మరి ఆ ఊహలు ఎక్కడి నుంచి పుట్టాయి? ఎక్కడ తప్పాయి? వాటి నుంచి ఇప్పుడు మనం తెలుసుకోవాల్సింది ఏంటి? ఆ వివరాలు చూద్దాం.

ఏటా ఆగస్టులో ఒకటే టెన్షన్

మొదటి ఐపాడ్ 2001 అక్టోబర్‌లో వచ్చింది. లోపల 5 జీబీ హార్డ్ డిస్క్, ధర 399 డాలర్లు. జేబులో వెయ్యి పాటలు పెట్టుకుని తిరగొచ్చన్నది అప్పటి ప్రచారం. 2004లో ఇంకా చిన్న హార్డ్ డిస్క్‌తో, రంగురంగుల్లో ఐపాడ్ మినీ వచ్చింది. అది బాగా అమ్ముడుపోతున్న టైంలోనే, 2005 సెప్టెంబర్ 7న స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద తన జీన్స్ ప్యాంటుకున్న చిల్లర జేబులోంచి కొత్త ప్లేయర్ బయటికి తీశారు. అదే ఐపాడ్ నానో. మందం 6.9 మిల్లీమీటర్లు, బరువు 42 గ్రాములు. 2 జీబీ మోడల్ 199 డాలర్లు, 4 జీబీ మోడల్ 249 డాలర్లు. ఆ రోజుతో మినీ కథ ముగిసింది.

అక్కడి నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. 2006, 2007, 2008, 2009, 2010.. వరుసగా ప్రతి సెప్టెంబర్‌లోనూ నానో కొత్త రూపంలో వచ్చింది. పేరు అదే. ఆకారం మాత్రం వేరు. ఒక ఏడాది పొడవు, ఇంకో ఏడాది వెడల్పు, మరో ఏడాది చిన్న చతురస్రం.

కొనేవాళ్లకు ఇక్కడే చిక్కు. ఆగస్టులో కొన్నవాడికి సెప్టెంబర్‌లో షాక్. తాను కొన్న ధరకే రెట్టింపు మెమరీతో కొత్త మోడల్ వచ్చేది. 2007లో 199 డాలర్లకు 8 జీబీ నానో దొరికితే, 2008లో అదే 199 డాలర్లకు 16 జీబీ దొరికింది. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతోనో, బావతోనో తెప్పించుకునే మనవాళ్లకు కూడా ఇదే డౌట్. ఇప్పుడు తెమ్మనాలా? వచ్చే ట్రిప్ దాకా ఆగాలా? అందుకే డిజైన్ ముందే తెలుసుకోవాలన్న ఆత్రం. యాపిల్ నోరు విప్పదు కాబట్టి ఊహాగానాలకు అంత గిరాకీ.

ఊహలు ఎక్కడి నుంచి పుడతాయి?

గాల్లోంచి పుట్టేవి కొన్ని ఉంటాయి. కాస్త ఆధారం ఉన్నవి మాత్రం సాధారణంగా నాలుగు దారుల్లో వస్తాయి.

మొదటిది.. విడి భాగాలు. ఫ్యాక్టరీల నుంచి ఒక స్క్రీన్ గాజు, ఒక కేబుల్, ఒక వెనుక డొక్కు ఫోటో బయటికొస్తుంది. దాని కొలతలను బట్టి ప్లేయర్ సైజు అంచనా వేస్తారు.

రెండోది.. కవర్లు. ప్లేయర్ రిలీజైన రోజే షాపులో కవర్ ఉండాలంటే, తయారీదారులు కొన్ని వారాల ముందే అచ్చు సిద్ధం చేసుకోవాలి. ఎక్కడో సంపాదించిన కొలతలతో కవర్ చేసేస్తారు. ఆ కవర్‌లో రంధ్రం ఎక్కడుంటే కెమెరా అక్కడ, కోత ఎక్కడుంటే బటన్ అక్కడ అని జనం లెక్కేస్తారు.

మూడోది.. మెమరీ చిప్‌ల కొనుగోళ్లు. 2005 నవంబర్‌లో యాపిల్ ఐదు కంపెనీలతో 2010 దాకా ఫ్లాష్ మెమరీ సరఫరాకు ఒప్పందాలు చేసుకుంది. హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, శాంసంగ్, తోషిబా.. ఈ ఐదింటికీ కలిపి 125 కోట్ల డాలర్లు ముందుగానే ఇస్తామని ప్రకటించింది. తిరిగే హార్డ్ డిస్క్ స్థానంలో కదలని చిప్‌లు రాబోతున్నాయని దీన్ని బట్టే అర్థమైంది. చిప్ అంటే తక్కువ జాగా, తక్కువ కరెంటు, కింద పడినా పెద్దగా భయం లేదు. అంటే ప్లేయర్లు ఇంకా సన్నబడతాయన్నమాట.

నాలుగోది.. పేటెంట్లు. పెద్ద కంపెనీలు తమకు తట్టిన ఐడియాలన్నింటికీ పేటెంట్ దరఖాస్తు పెడతాయి. వాటిలో చాలావరకు వస్తువుగా మారవు. అందుకే నాలుగింటిలో అన్నిటికంటే బలహీనమైన ఆధారం ఇదే. కానీ హెడ్‌లైన్లు ఎక్కువగా పుట్టేది మాత్రం దీని నుంచే.

నిజం చెప్పిన సైట్‌కు కోర్టు నోటీసు

లీక్ నిజమైతే ఏమవుతుంది? ‘థింక్ సీక్రెట్’ అనే వెబ్‌సైట్ కథ చూస్తే తెలుస్తుంది. దాన్ని నడిపింది హార్వర్డ్ యూనివర్సిటీ విద్యార్థి. 2004 చివర్లో యాపిల్ తేబోయే కొత్త వస్తువుల గురించి ఆ సైట్ ముందే రాసేసింది. అందులో ఫ్లాష్ మెమరీతో నడిచే చవక ఐపాడ్ ఒకటి. 2005 జనవరి మొదటి వారంలోనే యాపిల్ ఆ సైట్‌పై కేసు వేసింది. వ్యాపార రహస్యాలు బయటపెట్టారన్నది ఆరోపణ.

అదే నెల 11న మాక్‌వరల్డ్ వేదికపై ఐపాడ్ షఫుల్ రానే వచ్చింది. 22 గ్రాముల బరువు, అసలు స్క్రీనే లేదు, పెన్‌డ్రైవ్‌లా నేరుగా కంప్యూటర్‌కు గుచ్చుకోవడమే. 512 ఎంబీ మోడల్ 99 డాలర్లు, 1 జీబీ మోడల్ 149 డాలర్లు. కేసు మాత్రం సుమారు మూడేళ్లు నడిచింది. 2007 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. సైట్‌కు సమాచారం ఇచ్చిందెవరో బయటపెట్టలేదు. కానీ సైట్ మూతపడింది. అంటే చిన్న ప్లేయర్ గురించిన ఒక లీక్ వెనుక కూడా ఉద్యోగాలు, కోర్టు ఖర్చులు, ఒక వెబ్‌సైట్ మనుగడ ఉన్నాయన్నమాట.

‘ఛీ.. ఇది ఫేక్’ అన్నారు.. కానీ!

ఇప్పుడు 2007కు వద్దాం. అప్పటిదాకా నానో అంటే సన్నగా, పొడవుగా ఉండే ప్లేయర్. ఆ ఏడాది ఆవిష్కరణకు కొద్ది వారాల ముందు ఒక ఫోటో నెట్‌లో చక్కర్లు కొట్టింది. అందులోని నానో పొట్టిగా, వెడల్పుగా, బొద్దుగా ఉంది. చాలామంది నవ్వారు. యాపిల్ ఇంత వికారంగా చేయదని, ఎవరో ఫోటోషాప్ చేసి ఉంటారని తేల్చేశారు.

సెప్టెంబర్ 5న జాబ్స్ చేతిలో కనిపించింది అచ్చంగా అదే బొద్దు నానో!

ఎందుకలా వెడల్పు చేశారు? కారణం సింపుల్. ఆ ఏడాది నానోలో వీడియో పెట్టారు. వీడియో అడ్డంగా ఉంటుంది. 2 అంగుళాల స్క్రీన్‌ను అడ్డంగా పెట్టి, దాని కింద చేత్తో తిప్పే గుండ్రటి క్లిక్ వీల్ పెట్టాలంటే ప్లేయర్ వెడల్పు కాక తప్పదు. దాని వెడల్పు 52 మిల్లీమీటర్లకు పైనే. పాత నానో అందంతో పోల్చి చూసినవాళ్లు పొరబడ్డారు. వీడియో వస్తే స్క్రీన్ ఎలా పెట్టాలి అని ఆలోచించినవాళ్లకు ఆ ఫోటో నమ్మదగినదిగానే కనిపించి ఉంటుంది.

ఏడాది తిరిగేసరికి సీన్ మళ్లీ మారింది. 2008 సెప్టెంబర్‌లో అదే 2 అంగుళాల స్క్రీన్‌ను నిలువుగా తిప్పి, పొడవాటి నానో తెచ్చారు. ప్లేయర్‌ను అడ్డంగా పట్టుకుంటే బొమ్మ కూడా అడ్డంగా తిరిగేలా లోపల కదలికను పసిగట్టే సెన్సర్ పెట్టారు. స్క్రీన్ తనంతట తాను తిరుగుతుంటే, ఇక ప్లేయర్ వెడల్పుగా ఉండాల్సిన పని లేదు కదా! డిగ్ వెబ్‌సైట్ వ్యవస్థాపకుడు కెవిన్ రోజ్ ఈ పొడవాటి డిజైన్ గురించి ముందే చెప్పారు. అదీ నిజమైంది.

బటన్లే లేని షఫుల్

చిన్నదిగా చేయడంలో కూడా ఒక హద్దుంది. ఆ హద్దు ఎక్కడుందో 2009 మార్చిలో వచ్చిన మూడో తరం షఫుల్‌తో తెలిసొచ్చింది. 10.7 గ్రాముల బరువు, 4 జీబీ మెమరీ, 79 డాలర్లు. ఒంటి మీద పాట మార్చే బటన్ ఒక్కటి కూడా లేదు. కంట్రోల్ మొత్తం ఇయర్‌ఫోన్ తీగ మీదకు వెళ్లిపోయింది. ఒకసారి నొక్కితే ఆగుతుంది, రెండుసార్లు నొక్కితే తర్వాతి పాట, మూడుసార్లు నొక్కితే వెనక్కి.

సమస్య ఎక్కడొచ్చిందంటే.. దాంతో వచ్చిన ఇయర్‌ఫోన్ పాడైతే మామూలు ఇయర్‌ఫోన్ పనికిరాదు. పెట్టుకుంటే పాట వస్తుంది కానీ ఆపలేం, మార్చలేం. రిమోట్ ఉన్నదే కొనాలి, లేదంటే అడాప్టర్ తగిలించాలి. వస్తువు చిన్నదైంది, ఖర్చు మాత్రం పెద్దదైంది.

అదే షఫుల్‌లో పాట పేరు చదివి వినిపించే వాయిస్ఓవర్ ఫీచర్ కూడా తెచ్చారు. మొత్తం 14 భాషలు. ఆ లిస్టులో తెలుగు లేదు, హిందీ కూడా లేదు. స్క్రీన్ లేని ప్లేయర్‌లో పేరు చదివే గొంతే స్క్రీన్. ఆ గొంతుకు మన భాష రాకపోతే, మనకు ఆ డిజైన్ సగమే పనిచేసినట్టు. 2010 సెప్టెంబర్‌లో వచ్చిన నాలుగో తరం షఫుల్‌లో బటన్లు తిరిగొచ్చాయి. జనం బటన్లను మిస్ అయ్యారని జాబ్స్ కూడా స్టేజీ మీదే ఒప్పుకున్నారు.

కవర్‌లో రంధ్రం.. సగం నిజం

ఊహాగానాలు ఎలా దారి తప్పుతాయో చెప్పడానికి 2009 సెప్టెంబర్ ఈవెంట్ కంటే మంచి ఉదాహరణ లేదు. దానికి ముందు నెలల్లో రెండు రకాల కవర్ల ఫోటోలు బయటికొచ్చాయి. ఒకటి నానోది, ఇంకోటి ఐపాడ్ టచ్‌ది. రెండింటి వెనుకా కెమెరా కోసమన్నట్టు రంధ్రాలున్నాయి. ఇంకేముంది.. ఈసారి రెండింట్లోనూ కెమెరా ఖాయమని అందరూ రాసేశారు.

సెప్టెంబర్ 9న ఏం జరిగింది? నానోకు కెమెరా వచ్చింది. అది కూడా వీడియో మాత్రమే తీస్తుంది, ఫోటోలు తీయదు. ఐపాడ్ టచ్‌కు అసలు కెమెరానే రాలేదు! టచ్‌ను చవకైన గేమ్ మెషిన్‌గా అమ్మాలనుకుంటున్నామని, ధర తగ్గించడమే ముఖ్యమని జాబ్స్ ఆ తర్వాత వివరించారు.

మరి టచ్ కవర్ చేసినవాళ్లు అబద్ధమాడారా? అలా కూడా అనలేం. ఆ టచ్‌ను విప్పి చూసిన ఐఫిక్సిట్ టీమ్‌కు లోపల చిన్న కెమెరా పట్టేంత ఖాళీ జాగా కనిపించింది. అంటే కవర్ చేసినవాళ్ల చేతిలో ఉన్న సమాచారానికి కొంత ఆధారం ఉండే ఉంటుంది. కానీ డబ్బాలో పెట్టి అమ్మిన వస్తువు వేరు. కెమెరా ఉన్న టచ్ కోసం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ‘కవర్ చూశాం కదా, కెమెరా ఖాయం’ అనుకుని ఎదురుచూసినవాళ్లకు మిగిలింది నిరాశే.

3 సెంటీమీటర్ల ముక్క.. వంద ఊహలు

ఇక అందరికీ గుర్తుండే లీక్ 2010 జులైలో వచ్చింది. తైవాన్ నుంచి ఒక చిన్న చతురస్రపు టచ్ స్క్రీన్ ఫోటో. సుమారు 3 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు. దాని మీద యాపిల్ పేరు.

అంతే.. ఊహలు మొదలు. షఫుల్‌కు స్క్రీన్ వస్తోందని కొందరు, ఇదే కొత్త నానో అని కొందరు, కాదు చేతి గడియారమని ఇంకొందరు. ఆగస్టులో చతురస్రపు కవర్లు కూడా కనిపించడంతో నానో వైపే మొగ్గు పెరిగింది.

సెప్టెంబర్ 1న వచ్చిన ఆరో తరం నానో సరిగ్గా అదే. 1.54 అంగుళాల టచ్ స్క్రీన్, వెనుక క్లిప్, 21 గ్రాముల బరువు. సైజు విషయంలో ఊహ నూటికి నూరు శాతం కరెక్ట్. కానీ ఆ ముక్క చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. క్లిక్ వీల్ పోయింది. వీడియో చూసే వీలు పోయింది. ఏడాది క్రితమే పెట్టిన కెమెరా కూడా పోయింది. ఉన్నది ఎంత పెద్దదో పార్టు చెబుతుంది. ఏం తీసేశారో చెప్పదు. ‘కొత్త నానో అంటే పాత నానోకు ఇంకొన్ని ఫీచర్లు’ అనుకుని ఎదురుచూసినవాళ్లకు అది పెద్ద దెబ్బ.

ఇక్కడే ఇంకో ట్విస్ట్ ఉంది. గడియారం అన్నవాళ్ల ఊహ తప్పినట్టే తప్పి, ఇంకో రకంగా నిజమైంది. చతురస్రపు నానోను చేతికి కట్టుకునేలా పట్టీలు చేస్తానంటూ అమెరికా డిజైనర్ స్కాట్ విల్సన్ 2010 చివర్లో కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగారు. అడిగింది 15 వేల డాలర్లు. వచ్చింది 9 లక్షల 40 వేల డాలర్లకు పైనే! 2011లో యాపిల్ కూడా నానోలో కొత్తగా 16 గడియారం ముఖాలు పెట్టింది. అసలు యాపిల్ వాచ్ మార్కెట్లోకి వచ్చింది మాత్రం 2015 ఏప్రిల్‌లో. అంటే వస్తువు వాడకాన్ని ఒక్కోసారి కంపెనీ కంటే ముందు కొన్నవాళ్లే తేల్చేస్తారు. ఆ సంగతి ఏ లీకూ ముందు చెప్పలేదు.

2011లో చతురస్రపు నానో వెనుక కెమెరా రంధ్రం ఉన్న మరో ఫోటో తిరిగింది. ఆ నానో ఎప్పటికీ అమ్మకానికి రాలేదు. 2012 సెప్టెంబర్‌లో వచ్చిన ఏడో తరం నానో మళ్లీ పొడవాటిదే. 2.5 అంగుళాల స్క్రీన్, 5.4 మిల్లీమీటర్ల మందం, బ్లూటూత్.. కెమెరా మాత్రం లేదు. ఆకారం మారిన చివరి నానో అదే.

తప్పు ఊహకు మూల్యం ఎవరు చెల్లిస్తారు?

చదివేవాళ్లకు ఇదంతా టైంపాస్‌లా ఉండొచ్చు. కవర్లు చేసేవాళ్లకు మాత్రం అచ్చంగా జూదమే. ముందే అచ్చు చేయించి, వేల కవర్లు పోసి పెట్టుకుంటే మొదటి రోజు బేరం వాళ్లదే. లెక్క తప్పితే ఆ సరుకంతా చెత్తబుట్టకే. 2011లో ఐఫోన్ విషయంలో ఇదే జరిగింది. అంచులు సన్నబడిన కొత్త ఆకారంలో ఐఫోన్ 5 వస్తుందని నమ్మి కొందరు ముందే కవర్లు తయారు చేశారు. ఆ అక్టోబర్‌లో వచ్చింది పాత ఆకారంలోనే ఉన్న ఐఫోన్ 4ఎస్. ఆ కవర్లు ఏ ఫోన్‌కూ పట్టలేదు.

మామూలు కొనుగోలుదారుడు పోగొట్టుకునేది కాస్త తక్కువే కావచ్చు. ఆగకూడని టైంలో ఆగుతాడు, లేదంటే ఆగాల్సిన టైంలో కొంటాడు. ఇప్పుడైతే ఇంకో ముప్పు తోడైంది. లేని వస్తువుకు ‘ప్రీ బుకింగ్’ లింకు పెట్టి డబ్బు లాగడం ఎవరికైనా తేలికే. అందమైన వీడియో ఉంటే నమ్మేవాళ్లకు కొదవ ఉండదు.

వీడియో నిజమా కాదా.. ఇలా చూడండి

చిన్న ప్లేయర్ డిజైన్‌లో నాలుగు వస్తువులు జాగా కోసం ఎప్పుడూ కొట్టుకుంటాయి. బ్యాటరీ, స్క్రీన్, ఇయర్‌ఫోన్ జాక్, మనిషి వేలు. వీటిని పట్టుకుని ప్రశ్నిస్తే చాలా వీడియోలు అక్కడికక్కడే తేలిపోతాయి.

* జాక్ ఎక్కడ? మామూలు ఇయర్‌ఫోన్ పిన్ను వ్యాసమే 3.5 మిల్లీమీటర్లు. దాని చుట్టూ గోడ కావాలి. బ్లేడంత పలుచటి ప్లేయర్‌లో జాక్ చూపిస్తే అది బొమ్మే. బ్లూటూత్ మాత్రమే అంటే, దానికి తగ్గ బ్యాటరీ ఎక్కడుందో అడగాలి.

* వేలికి చోటుందా? ఆరో తరం నానో స్క్రీన్ మీద ఒకసారి నాలుగు ఐకాన్లే పట్టేవి. అంతకంటే చిన్న స్క్రీన్ మీద పన్నెండు ఐకాన్లు చూపిస్తున్నారంటే, దాన్ని వేలితో నొక్కి చూసినవాళ్లు ఎవరూ లేరన్నమాట.

* పాటలు లోపలికి ఎలా వెళ్తాయి? పాత నానోకు కంప్యూటర్ నుంచి ఎక్కించేవాళ్లు. ఇప్పుడు చాలామంది పాటలు వినేది యాప్‌లలో. నెట్ లేకుండా, యాప్ లేకుండా పాట ఎలా వస్తుందో చెప్పని వీడియో డిజైన్ గురించి సగమే చెప్పినట్టు.

* ఆధారం ఏంటి? విడి భాగం ఫోటోనా, కవరా, పేటెంటా, కంప్యూటర్‌లో గీసిన బొమ్మా? విడి భాగం ఉంటే కొలతలు నమ్మొచ్చు. ఏం పనిచేస్తుంది, ధర ఎంత అన్నవి అప్పుడు కూడా నమ్మకూడదు. కేవలం బొమ్మే అయితే రెండూ నమ్మక్కర్లేదు.

* డబ్బు అడుగుతున్నారా? కంపెనీ తన సొంత సైట్‌లో ప్రకటించకముందే ఎవరు బుకింగ్ అన్నా ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

మరి పాత ఐపాడ్ కొనొచ్చా?

ఫోన్ పక్కన పెట్టి ప్రశాంతంగా పాటలు వినాలనుకునేవాళ్లు, వాకింగ్‌కు వెళ్లేవాళ్లు, పిల్లల చేతికి ఫోన్ ఇవ్వడం ఇష్టంలేని తల్లిదండ్రులు.. చిన్న ప్లేయర్ కోసం వెతకడంలో అర్థం ఉంది. అలాంటివాళ్లలో కొందరు సెకండ్ హ్యాండ్ నానోల వైపు చూస్తుంటారు. కొనే ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. అమ్మకాలు ఆగిందే 2017లో. అంటే లోపలి బ్యాటరీ ముసలిదైపోయి ఉంటుంది. మొదటి తరం నానో విషయంలో అయితే బ్యాటరీ వేడెక్కే ప్రమాదం ఉందంటూ 2011 నవంబర్‌లో యాపిలే స్వయంగా వాటిని వెనక్కి తీసుకుని మార్చి ఇచ్చే కార్యక్రమం పెట్టింది. 2005 సెప్టెంబర్ నుంచి 2006 డిసెంబర్ మధ్య అమ్మినవి అవి. ఎవరైనా ఆ మోడల్ అమ్మజూపితే దూరంగా ఉండటమే మంచిది. ఏ మోడల్ అయినా స్క్రీన్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టనే పెట్టొద్దు.

కేవలం పాటలే కావాలంటే మెమరీ కార్డు పెట్టుకునే చిన్న ఎంపీ3 ప్లేయర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఒకప్పుడు ఊళ్లో మొబైల్ షాపుకెళ్లి కార్డులో పాటలు ఎక్కించుకున్నట్టే, వీటిలోనూ వేసుకోవచ్చు. బటన్లు ఉన్నాయా, మామూలు ఇయర్‌ఫోన్ పడుతుందా, తెలుగులో రాసిన పాట పేరు స్క్రీన్ మీద సరిగ్గా కనిపిస్తుందా.. ఈ మూడూ షాపులోనే చూసుకుంటే చాలు.

ఇక ఐపాడ్ నానో నిజంగా తిరిగొస్తుందా అంటే, ఆ మాట చెప్పాల్సింది యాపిలే. అప్పటిదాకా వీడియో బాగుంటే లైక్ కొట్టండి. బుకింగ్ లింకు మాత్రం నొక్కొద్దు.